బుల్లోడికి రాగి కిరీటం

మా పెళ్ళయి నలభై మూడు రోజులైంది. ఈ నలభై మూడు రోజుల్లో నేనూ మా ఆయనా తీరిగ్గా మాట్లాడుకున్న చోటేదంటే ఇంట్లో సామాన్ల గది. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పాత దుప్పట్లూ, చలికాలపు బట్టలూ, అత్తయ్య ఎవరికీ ఇవ్వని ఖాళీ సీసాలూ అందులోనే ఉంటాయి. నలుగురిలో ఆయన్ని ‘మీరు’ అంటాను. ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక ‘నువ్వు’ అంటాను. అన్నప్పుడల్లా ఏదో దొంగతనం చేసి దొరక్కుండా తప్పించుకున్నట్టు ఇద్దరికీ నవ్వొస్తుంది.

ఆ గది మాకు దక్కింది మాత్రం నా ఉద్యోగం వల్ల. ఇంకా రాని ఉద్యోగం.

ఊళ్ళో చూపులేని వాళ్ళ కోసం ఒక గ్రంథాలయం ఉంది. అక్కడ పుస్తకాలు చదివించి రికార్డు చేసి ఉంచుతారు. ఇంటి దగ్గరే చదివి తెచ్చిచ్చే మనిషి ఒకరు కావాలన్నారు. పైకి చదవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. హాస్టల్లో పరీక్షల ముందు రోజు కూడా గది గదంతా నా చుట్టూ చేరి నవలలు చదివించుకునేది. ఆ పరీక్షల్లో వాళ్ళకొచ్చిన మార్కులకు నేను బాధ్యురాలిని కాను. ఈ పని నాకు ఎంత కావాలంటే, దరఖాస్తు ఇచ్చిన రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నాతో పాటు ఇంకో ఆవిడ కూడా దరఖాస్తు పెట్టింది. ఇద్దరికీ ఒకటే అధ్యాయం ఇచ్చారు, పదకొండు పేజీలు. శుక్రవారం లోపల చదివి ఇవ్వాలి. ఎవరిది బాగుంటే వాళ్ళకి పని.

వాళ్ళిచ్చిన మైకు కంప్యూటరుకే తగులుతుంది, ఫోనుకు తగలదు. కంప్యూటరుకు మా ఇంట్లో లోటు లేదు. మా ఆయన చిన్న చిన్న కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. పెళ్ళికి ముందు తన కోసం తానే ఒకటి కూర్చుకున్నాడు. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. దానికి ‘బుల్లోడు’ అని పేరు పెట్టింది అత్తయ్య. కన్నకొడుకుని కూడా అంత ముద్దుగా పిలవదని మా ఆయన ఫిర్యాదు.

బుల్లోడూ, మైకూ, నేనూ, దుప్పట్లూ అందరం ఆ గదిలోనే సర్దుకోవాలి. బయట ఎక్కడ కూర్చున్నా వీధిలో బళ్ళ హారన్లు వచ్చిపడతాయి. బుల్లోణ్ణి బయట పెట్టి వైరు లోపలికి లాగుదామంటే తలుపు బిగుతుగా పడదు. అన్నిటినీ మించి, కింద అంతస్తులో మామయ్య పని. ఆయన రాగి పాత్రలు చేస్తారు. పొద్దున ఎనిమిదింటికి సుత్తి మొదలైతే వీధి చివర క్షవరశాలలో వాళ్ళు ఆ తాళానికి కత్తెర ఆడిస్తారని చెప్పుకుంటారు. నా చదువు కోసం ఆయన రోజూ రెండు నుంచి నాలుగు దాకా సుత్తి ముట్టనని మాటిచ్చారు. ఆ రెండు గంటలూ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరికీ మా కోడలు చదువుతోంది, చప్పుడు చెయ్యకండి అని ఎలుగెత్తి చెప్పేవారు. ఆ కేకలే నా రికార్డులో పడుతున్నాయని తెలిశాక అత్తయ్య ఆయన్ని లోపల కూర్చోబెట్టింది.

సోమవారం పదకొండు పేజీలూ చదివేసి, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు గ్రంథాలయానికి పరిగెత్తాను. అక్కడ రికార్డులు వినే పెద్దావిడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండే నిమిషాలు వింది. గొంతు బాగుంది, విరుపు బాగుంది, కానీ మీ గదిలో తేనెటీగ ఉంది అంది.

మా గదిలో తేనెటీగలు లేవన్నాను. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. నిజమే. నా గొంతు వెనకాల సన్నగా, ఆగకుండా ఒకటే జుమ్మని మోత. అది ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. బుల్లోడి పొట్టలో బొటనవేలి గోరంత ఫ్యాను ఒకటి తిరుగుతూ ఉంటుంది. రోజూ వింటూ వింటూ మేం దాన్ని వినడం మానేశాం. రోజుకు ఆరు గంటలు వినేవాళ్ళకు అది తలలో దూరి కూర్చుంటుందని పెద్దావిడ చెప్పింది. శుక్రవారం మూడింటి దాకా టైముంది, తేనెటీగను పంపేసి మళ్ళీ చదివి తెమ్మంది.

ఆ సాయంత్రమే మా ఆయన బుల్లోడి మూత విప్పాడు. ఫ్యాను ఎందుకో నాకు విడమరిచి చెప్పాడు. లోపల చిప్పు పనిచేస్తుంటే వేడెక్కుతుంది. దాని మీద అగ్గిపెట్టెంత అల్యూమినియం ముక్క ఉంటుంది, ఆ ముక్కలోకి వేడి ఎక్కుతుంది, ఫ్యాను గాలి ఆ వేడిని ఊదేస్తుంది. ఫ్యాను తీసేస్తే ముక్కకు ఊపిరాడదు. చూద్దాం అని ఫ్యాను వైరు ఊడదీశాడు. మంగళవారం నేను నిశ్శబ్దంలో చదువుతుంటే తెర మూలన వేడి చూపించే అంకె అరవై, డెబ్భై, ఎనభై అంటూ మెట్లెక్కుతూ పోయింది. ఆరో పేజీలో బుల్లోడు ముందు నత్తలా అయిపోయాడు, తర్వాత కళ్ళు మూశాడు. చిప్పు మాడిపోకుండా దానంతట అదే ఆగిపోతుందట. నా వాక్యం సగంలో ఉంది.

ఫ్యాను లేకుండా నడవాలంటే పెద్ద లోహపు ముక్క కావాలి, సన్నటి రేకులు చాలా ఉండాలి, వేడి వాటి మీదుగా నెమ్మదిగా గాలిలో కలిసిపోవాలి. దుకాణంలో తెప్పిస్తే పది రోజులు. ఈ మాటలన్నీ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన చెబుతున్నాడు. మామయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగారు.

“ఏ లోహం?” అన్నారు.

అల్యూమినియం అయినా పరవాలేదు, రాగి అయితే ఇంకా మంచిదని మా ఆయన అన్నాడో లేదో, మామయ్య మొహం చాటంత అయింది. ఇంట్లో యాభై ఏళ్ళ నుంచి రాగి పెట్టుకుని దుకాణం చుట్టూ తిరుగుతావేరా అని కొడుకుని చీవాట్లేశారు. కొడుకు కంప్యూటర్ల జోలికి పోయి తన పనిని పట్టించుకోలేదని ఆయనకు లోపల్లోపల ఉంది. ఇప్పుడు ఆ కంప్యూటరే వెతుక్కుంటూ ఆయన గడప దగ్గరికి వచ్చింది. సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కుని, దారప్పోగుతో చిప్పు కొలతలు తీసుకున్నారు. స్కేలు ఇస్తానంటే అక్కర్లేదన్నారు.

బుధవారం పొద్దుటి నుంచి కింద సుత్తి మోత మారిపోయింది. మామూలుగా దబదబా ఉండేది, ఆ రోజు టింగు టింగుమని కంసాలి కొట్టులా ఉంది. ఒంటిగంటన్నరకి మామయ్య మెత్తటి గుడ్డలో చుట్టి పైకి తెచ్చారు. విప్పితే, బిస్కెట్టంత దళసరి అడుగు. దాని మీద నిలువుగా ఇరవై నాలుగు పల్చటి రాగి రేకులు. ఒక్కో రేకు కొసా పువ్వు రెక్కలా కొంచెం బయటికి వంచారు. మిలమిలా మెరుస్తోంది. చిన్న రాజుగారి కిరీటం. పైకి తెచ్చేముందు క్షవరశాల ఆయనకీ, కాగితాల కొట్టు ఆయనకీ, వాళ్ళ కొట్లో ఉన్న గిరాకీలకీ చూపించి వచ్చారని తర్వాత తెలిసింది.

మా ఆయన ఆ పూట దుకాణానికి సెలవు పెట్టాడు. చిప్పు మీద చుక్క తెల్ల పేస్టు వేశాడు. చిప్పుకీ లోహానికీ మధ్య వెంట్రుకంత సందు కూడా లేకుండా అది నిండుతుందట, గాలి ఉంటే వేడి దాటదట. పైన కిరీటం పెట్టి నాలుగు స్క్రూలు బిగించాడు. మూత ఇంక పట్టదు, కిరీటం పైకి కనబడుతూనే ఉంటుంది. మామయ్యకు కావలసింది కూడా అదే.

రెండింటికి తలుపేసుకుని మొదలుపెట్టాను. తేనెటీగ లేదు. నా ఊపిరి నాకే వినబడుతోంది. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని తెర మూలన అంకె చూస్తున్నాడు. నేను రెండో పేజీ తిప్పేసరికి ఆయన మొహంలో రంగు మారింది. మూడో పేజీ సగంలో బుల్లోడు టప్పున ఆగిపోయాడు. అల్యూమినియం ముక్కతో ఆరో పేజీ దాకా వచ్చిన వాడు, కిరీటం పెట్టుకుని మూడో పేజీ దాటలేదు.

తలుపు అవతల మామయ్య అడుగుల చప్పుడు వినిపిస్తోంది. లోపల మేమిద్దరం గుసగుసలు. రాగి ఇంత పనికిమాలినదని తాను ఎక్కడా చదవలేదని మా ఆయన తల పట్టుకున్నాడు. కాసేపటికి ఒక ఉపాయం చెప్పాడు. కిరీటం బ్రహ్మాండంగా పనిచేసిందని నాన్నకి చెప్పేద్దాం, పాత ముక్కా ఫ్యానూ మళ్ళీ పెట్టేద్దాం, ఫ్యాను మీద దుప్పటి మడత వేద్దాం, ఆవిడకి వినబడదేమో.

“మీ నాన్నగారికి అబద్ధం మీరు చెప్పండి” అన్నాను.

ఆ గదిలో ‘మీరు’ అని అనడం అదే మొదటిసారి. పాపం, ఆయన బిక్కచచ్చిపోయాడు. నాకు కోపం కూడా పూర్తిగా రాలేదు, ఏడుపొచ్చింది. ఇంకో ఆవిడ ఈపాటికి తన అధ్యాయం ఇచ్చేసి హాయిగా ఉండి ఉంటుంది. నా చేతిలో ఉన్నది ఒక్క గురువారం. దుప్పటి కింద పెట్టినా తేనెటీగ తేనెటీగే.

బయటికి వచ్చి, ఇంకా సరిచూస్తున్నామని మాత్రం మామయ్యతో అన్నాను. ఆయన తలూపి, కొత్తది కదా, కుదురుకోవాలి అంటూ కిందికి దిగిపోయారు.

గురువారం పొద్దున మా ఆయన దుకాణానికి వెళ్ళాక నేనే స్క్రూలు విప్పాను. ఎందుకు విప్పానంటే చెప్పలేను. ఊరికే చూడ్డానికి. కిరీటం పైకి లేపి తిరగేస్తే తెల్ల పేస్టు కనబడింది. నాలుగు మూలలా నలిగి పల్చగా పరుచుకుంది. మధ్యలో మాత్రం మా ఆయన వేసిన చుక్క వేసినట్టే బొద్దుగా కూర్చుని ఉంది. నలగలేదు. అంటే మధ్యలో రాగి చిప్పుకు తగల్లేదు. గుడ్డతో తుడిచి వేలితో తడిమాను. అడుగు చదునుగా లేదు. ఉండీ లేనట్టు, లోపలికి చిన్న గుంట.

తెలిశాక సంతోషం ఒక్క క్షణమే. ఈ మాట మామయ్యకు ఎవరు చెప్పాలి? నలభై మూడు రోజుల కోడలు, యాభై ఏళ్ళుగా రాగి కొడుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి మీ పని వంకర అనాలి. వంటింట్లో అత్తయ్యకు చూపిస్తే ఆమె ఎగాదిగా చూసి, మీ మామయ్య పనిలో తప్పు పట్టిన వాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు, నేను తప్ప, ఇప్పుడు ఇద్దరం అవుతాం పద అంటూ స్టవ్ కట్టేసింది. వద్దు అత్తయ్యా, నేనొక్కదాన్నే వెళ్తానన్నాను.

కింద మామయ్య బిందె మెడ సరిచేస్తున్నారు. నన్ను చూసి సుత్తి పక్కన పెట్టారు. కిరీటం తిరగేసి ఆయన చేతిలో పెట్టాను. వచ్చేటప్పుడు మెట్ల మీద అల్లుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

“మామయ్యా, మధ్యలో చిప్పుకు తగలడం లేదు. లోపలికి గుంట ఉంది. నాకు ఈ ఉద్యోగం కావాలి మామయ్యా, అందుకే చెప్తున్నాను.”

ఆయన గోడ మీది మేకుకు తగిలించిన ఇనుప బద్ద తీసి అడుగు మీద నిలబెట్టి కిటికీ వైపు పట్టుకున్నారు. బద్ద కింద మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడింది. నేనూ చూశాను, ఆయనా చూశారు. ఆ గీతను ఆయన చాలాసేపు చూశారు.

ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. మొదట చప్పుడు లేకుండా, ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా.

“దీన్ని పొయ్యి మీద పెట్టరు కదూ” అన్నారు.

అప్పుడు చెప్పారు. పాత్రకు అడుగు ఎప్పుడూ చదునుగా వదలరట. వదిలితే పొయ్యి మీద వేడికి కిందికి ఉబ్బి, దింపాక పీట మీద బొంగరంలా తిరుగుతుంది. అందుకని ఆఖర్న మధ్యలో రెండు దెబ్బలు వేసి కాస్త లోపలికి పంపుతారు. వాళ్ళ నాన్న తొమ్మిదో ఏట నేర్పిన దెబ్బలవి. కిరీటానికి కూడా చెయ్యి తనంతట తాను ఆ రెండు దెబ్బలూ వేసేసింది, ఆయన్ని అడగలేదు. పక్కనున్న బిందెల్ని ఒక్కొక్కటే తిరగేసి చూపించారు. అన్నిటికీ అదే గుంట. నేను ఇన్నాళ్ళూ అలాంటి బిందెల్లో నీళ్ళే తాగుతూ ఒక్కసారి కూడా కింద చూడలేదు.

మరి చదును చెయ్యడమెలా? సుత్తితో చేస్తే ఆ చెయ్యి మళ్ళీ అదే పని చేస్తుంది, నా చేతిని నేను నమ్మను అన్నారు మామయ్య. చదునుగా ఉన్న దాని మీద గరుకు కాగితం పరిచి రుద్దాలి. ఇంట్లో నిజంగా చదునైన వస్తువు కోసం ఇద్దరం బద్ద పట్టుకుని తిరిగాం. బల్ల చదును కాదు. గచ్చు చదును కాదు. పీట సంగతి చెప్పక్కర్లేదు. ఆఖరికి బద్ద కింద వెలుగు గీత కనబడనిది ఒక్కటే తేలింది, అత్తయ్య గదిలో గోడకున్న నిలువుటద్దం.

ముప్ఫై ఏళ్ళ నుంచి ఒక్క మరక పడనివ్వలేదు, ఇప్పుడు దాని మీద రాగి రుద్దుతారా అని అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. నీ మొహం చూసి చూసి దానికి విసుగొచ్చింది, కాస్త విశ్రాంతి ఇవ్వు అన్నారు మామయ్య. ఇద్దరూ ఎంతగా వాదించుకున్నారంటే, అద్దం దింపేటప్పుడు చెరో వైపు పట్టుకుని కూడా ఆపలేదు. దుప్పటి పరిచి, దాని మీద అద్దం పడుకోబెట్టి, పైన గరుకు కాగితం అంటించారు.

అడుగు మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా నిలువుగా గీతలు గీయమని మామయ్య నాకు చెప్పారు. కాగితం మీద కిరీటాన్ని గుండ్రంగా రుద్దితే, తగిలిన చోట గీతలు చెరిగిపోతాయి, తగలని చోట ఉంటాయి. మొదటి పది చుట్లకు మూలలు మాత్రమే శుభ్రమయ్యాయి. మధ్యలో నల్లటి పెద్ద చందమామ మిగిలింది. వంతులు వేసుకున్నాం. ఆయన వంద చుట్లు, నేను వంద, నీ చెయ్యి బరువు తక్కువమ్మా అని మళ్ళీ ఆయన వంద. నేను చేస్తానంటూ అత్తయ్య కూడా కూర్చుంది. తన అద్దం మీద తనకు హక్కుంది కదా. చందమామ రూపాయి బిళ్ళంత అయ్యింది, తర్వాత గుండీ అంత, తర్వాత ఆవగింజంత. పన్నెండున్నరకి మా ఆయన అన్నానికి వచ్చేసరికి మా ముగ్గురి చేతులూ మోచేతుల దాకా ఎర్రటి రాగిపొడి, వంట అవలేదు, మధ్యలో నల్లచుక్క కూడా లేదు. మామయ్య బద్ద పెట్టి కిటికీ వైపు పట్టుకున్నారు. వెలుగు రాలేదు.

మా ఆయన నా వైపు చూశాడు. నువ్వు చెప్పేశావా అని ఆ చూపుకి అర్థం. చెప్పేశాను అన్నట్టు కనుబొమలు ఎగరేశాను. నలభై మూడు రోజుల్లో ఆయన నన్ను అంత గొప్పగా చూడ్డం ఎప్పుడూ లేదు. పెళ్ళిలో కూడా.

నలుగురం రొట్టెముక్కలు తిని బుల్లోడికి మళ్ళీ కిరీటం పెట్టాం. రెండింటికి చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీ దగ్గర అంకె యాభై ఎనిమిది. ఆరో పేజీ దగ్గర అరవై రెండు. ఆ తర్వాత అక్కడే నిలబడిపోయింది. గదిలో చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దం. రాగి రేకుల పైన చెయ్యి పెడితే గోరువెచ్చటి గాలి మెల్లగా పైకి లేస్తోంది, నిద్రపోయే పిల్లాడి ఊపిరిలా. పదకొండో పేజీ ఆఖరి వాక్యం చదివి, చుక్క దగ్గర ఆగి, మైకు ఆపాను. మా ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరి చేతులకీ రాగి అంటుకుంది.

శుక్రవారం పెద్దావిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఈసారి రెండు నిమిషాలకు ఆపలేదు. అయిదు, పది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఏడో పేజీలో ఒక తపాలా ఉద్యోగి కొత్త బూట్లు కరుస్తుంటే చంకన పెట్టుకుని పై అధికారి ముందుకు వెళ్ళే ఘట్టం ఉంది. అక్కడ పెద్దావిడ నొసలు చిట్లించింది. వెనక్కి తిప్పి మళ్ళీ వింది. మూడోసారి వింది. నా ప్రాణం పోయింది.

“తేనెటీగ పోయింది. మరి ఈ నవ్వేదెవరు?” అంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. బూట్లు చంకన పెట్టుకున్న మాట నేను చదివిన మరుక్షణం, తలుపు అవతల నుంచి చిన్నగా, నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. అత్తయ్య. ఫ్యాను ఉన్నంత కాలం ఆ మోత కింద ఆమె నవ్వు కూడా మునిగిపోయేదేమో. ఇప్పుడు బుల్లోడు ఊపిరి బిగబట్టుకుని కూర్చునేసరికి తలుపు అవతలి నవ్వు కూడా దొరికిపోయింది.

మా అత్తయ్య అని చెప్పాను. పెద్దావిడ పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది. ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదివి తేవాలి, నియమం నియమమే అంది. తర్వాత బల్ల కింద నుంచి ఇటుకంత పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. నాలుగు వందల పన్నెండు పేజీలు. ఇది రెండు నెలల్లో అవుతుందా అని అడిగింది. ఇంకో ఆవిడ సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. నా మొహం చూసి ఆవిడే చెప్పింది, ఆమెకు పిల్లల పుస్తకాలు ఇస్తున్నాం, గొంతు అటువంటిదని. అప్పుడు గాని నేను కడుపునిండా సంతోషపడలేకపోయాను.

ఇంటికొచ్చి ముందు కిందే ఆగాను. మామయ్య పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని బిందె బరువు చూసినట్టు చూసి, ఎన్ని మధ్యాహ్నాలు అన్నారు. అరవై అన్నాను. ఆయన తల పంకించారు. అరవై మధ్యాహ్నాలు సుత్తి ముట్టకుండా కూర్చునేది లేదట. కాకపోతే రుద్దే పనికి చప్పుడు ఉండదు కదా, రెండు నుంచి నాలుగు దాకా ఇక రుద్దే పనులే పెట్టుకుంటారట. మా ఆయన దుకాణంలో ఫ్యాను మోతతో విసిగిన బుల్లోళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారని అప్పటికే వాకబు చేసి పెట్టారు. చదునుగా ఉండే గాజు పలక ఒకటి అడిగి తెచ్చుకున్నారు, అత్తయ్య అద్దం అత్తయ్యకు ఇచ్చేశారు.

పైన అత్తయ్య అద్దం ముందు నిలబడి రాగి మరకలు తుడుస్తోంది. ఉద్యోగం వచ్చిందని చెప్పి, నవ్వు సంగతి కూడా చెప్పాను. తన నవ్వు గ్రంథాలయం దాకా వెళ్ళిందని తెలిసి ఆమె సిగ్గుపడిపోయింది. పుస్తకం మీద చెయ్యి వేసి అడిగింది.

“ఇందులో కూడా నవ్వొచ్చేవి ఉన్నాయా? ఉంటే ముందే చెప్పు, నేను డాబా మీదికి పోతాను.”

ఉన్నాయో లేవో నాకూ తెలియదన్నాను. మా ఆయన వచ్చేలోపు మొదటి అధ్యాయం చూసి చెబుతానని సామాన్ల గదిలోకి వెళ్ళాను. అత్తయ్య స్టూలు లాక్కుని నా వెనకే లోపలికి వచ్చి తలుపేసింది.